తాళాలు ఒకరి చేతిలో, మాట మరొకరి నోట: మ్యూజియం కొలువుల్లో అంతరాలు

వరంగల్ కోటలోని కాకతీయ శిల్పాల మీద, కరీంనగర్ మ్యూజియంలోని ధూళికట్ట బౌద్ధ ఫలకాల మీద, జోడేఘాట్‌లోని కొమురం భీం స్మారక మ్యూజియం మీద రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ శిల్పాల మీద దుమ్ము దులిపేది ఎవరు, వాళ్ల జీతం ఎంత, ఆ జీతం ఏ తేదీన చేతికి వస్తుంది అని రాసినవాళ్లు తక్కువ. మ్యూజియాన్ని పాత వస్తువులు దాచిన చోటుగానే చూడటం మనకు అలవాటైంది. అది కొందరు మనుషులు రోజూ వచ్చి పనిచేసే చోటు కూడా. అలా చూసినప్పుడు, ఏ కలెక్టరేట్‌లోనైనా ఏ పెద్దాసుపత్రిలోనైనా ఉండే ఎగుడుదిగుళ్లే అక్కడా కనిపిస్తాయి. కాకపోతే మ్యూజియంలో వాటికి ఇంకో కోణం ఉంది.

పై మెట్టు మీద సంచాలకులు, సహాయ సంచాలకులు, వస్తువుల సేకరణకు బాధ్యులైన క్యూరేటర్లు ఉంటారు. తర్వాత సాంకేతిక సహాయకులు, శాసన పరిశోధకులు, ఫొటోగ్రాఫర్లు. ఆ కింద ఆఫీసు సిబ్బంది. ఇంకా కింద గ్యాలరీ అటెండర్లు, వాచ్‌మన్లు, తోటపనివారు, ఊడ్చేవారు. ఇది కాగితం మీద ఉన్న వరస. కాగితం మీదికి రానివారు వేరే ఉన్నారు: తవ్వకాల్లో పలుగు పట్టే కూలీలు, ఒరిగిన రాతిని తిరిగి నిలబెట్టే మేస్త్రీలు, ప్రారంభోత్సవం రోజున ఆడి పాడి వెళ్లిపోయే కళాకారులు. ఈ మెట్లు దిగుతున్నకొద్దీ మనిషి వస్తువుకు దగ్గరవుతాడు. దాని గురించి మాట్లాడే అధికారం మాత్రం మెట్టుమెట్టుకూ తగ్గిపోతుంది. జీతాల్లో కనిపించే తేడాకు మూలం ఇక్కడే ఉంది. వస్తువును కాపాడటం చేతి పని, దాన్ని వివరించడం బుద్ధి పని అన్న పాత విభజన మ్యూజియంలో ఇంకా చెక్కుచెదరలేదు.

చిన్న జిల్లా మ్యూజియంలో అటెండరు రోజు ఎలా గడుస్తుందో చూస్తే ఆ విభజన ఎంత తప్పో తెలుస్తుంది. పొద్దున్నే వచ్చి, ముందురోజు సాయంత్రం తలుపుకు వేసిన సీలు అలాగే ఉందో లేదో చూసుకుని, తాళం తీసి, రిజిస్టరులో టైము వేసి సంతకం పెట్టాలి. అద్దాల పెట్టెలను పొడిగుడ్డతోనే తుడవాలి. తడిగుడ్డ వాడితే అంచుల సందుల్లోంచి చెమ్మ లోపలికి దిగుతుందని చాలామంది అటెండర్లకు ఎవరూ పాఠం చెప్పరు, చూసి నేర్చుకుంటారు. బడిపిల్లల బస్సు వచ్చిందంటే వాళ్లను వరసలో నడిపించాలి, ముట్టుకోవద్దని పదేపదే చెప్పాలి. మధ్యలో ఏ పిల్లవాడో ఆగి, చుట్టలు చుట్టుకున్న ఈ పాము బొమ్మ ఏమిటని అడుగుతాడు. బుద్ధుడికి గాలీవానా తగలకుండా పడగ పట్టిన ముచిలింద నాగరాజు కథ అది, ధూళికట్ట స్తూపం ఫలకాల్లో పేరుపొందిన శిల్పం. ఆ సమయానికి క్యూరేటరు పోస్టు ఖాళీగా ఉండవచ్చు, లేదా ఆయన ఇంకో జిల్లా అదనపు బాధ్యతల మీద ప్రయాణంలో ఉండవచ్చు. కథ చెప్పేది అటెండరే. అలా చెప్పడం అతని విధుల్లో లేదు, అందుకు అతనికి శిక్షణ లేదు, చెప్పినందుకు లెక్కా లేదు.

అతనికి తెలిసింది అంతటితో ఆగదు. వానాకాలంలో ఏ గోడకు ముందు చెమ్మ ఎక్కుతుందో, ఏ పెట్టెలోని ఇత్తడి దీపానికి ఆకుపచ్చ చిలుము పడుతోందో, ఏ మూల చెదలు మట్టిగీత వేస్తున్నాయో, కొత్తగా పడిన బీట ఏదో పాతది ఏదో ముందుగా కంటపడేది రోజూ అక్కడ నిలబడే మనిషికే. కోటలో ఆరుబయట పెట్టిన శిల్పాల విషయంలో ఇది మరీ నిజం. ఎండకూ వానకూ రాతి అంచు ఎలా పెళుసుబారుతోందో ఏడాదికొకసారి తనిఖీకి వచ్చే అధికారి కంటే, వాటి చుట్టూ గడ్డి కోసే మహిళకు బాగా తెలుస్తుంది. ఈ ఎరుక ఏ ఫైలులోకీ ఎక్కదు. వస్తువు స్థితిగతుల నివేదిక రాయాల్సింది పై మెట్టు మీద ఉన్నవారు కాబట్టి, కింది మెట్టు మీద ఉన్నవారు చూసింది చూసినట్టే పోతుంది. అలాంటి మనిషి ఉద్యోగం మానేసినప్పుడు ఎన్నో ఏళ్ల పరిశీలన అతనితోపాటే గేటు దాటి వెళ్లిపోతుంది.

ఇక జీతాల సంగతి. తెలంగాణలో ప్రభుత్వ శాఖలకు ఏజెన్సీల ద్వారా వచ్చే ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి 2021 జూన్‌లో నెలకు 15,600, 19,500, 22,750 రూపాయల చొప్పున మూడు శ్రేణులు నిర్ణయించారు. అటెండరు, వాచ్‌మన్, స్వీపరు వంటి పనులు మొదటి శ్రేణిలోకి వస్తాయి. అందులో ఉద్యోగి వాటాగా పీఎఫ్‌కు 12 శాతం, ఈఎస్ఐకి 0.75 శాతం, వృత్తి పన్ను పోగా చేతికందేది సుమారు పదమూడున్నర వేలు. అదే ఏడాది అమలైన వేతన సవరణలో పర్మినెంట్ ఉద్యోగి కనీస మూలవేతనాన్ని 19,000 రూపాయలుగా ఖరారు చేశారు. దాని మీద కరువు భత్యం, ఇంటద్దె, ఏటా ఇంక్రిమెంటు, సెలవులు, వైద్య సదుపాయం అదనం. ఒకే తలుపు దగ్గర, ఒకే రంగు యూనిఫాంలో, ఒకే పని చేస్తున్న ఇద్దరి మధ్య ఇంత తేడా ఉంటుంది. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే ఏజెన్సీ మనిషికి అనుభవం లెక్కలోకి రాదు. నిన్న చేరినవారికీ పదిహేనేళ్లుగా చేస్తున్నవారికీ శ్రేణి ఒక్కటే.

జీతం మొత్తం కంటే ఎక్కువగా నలిపేసేది జీతం వచ్చే తీరు. శాఖ బిల్లు పెట్టాలి, ట్రెజరీ పాస్ చేయాలి, డబ్బు ఏజెన్సీ ఖాతాలో పడాలి, ఏజెన్సీ పంచాలి. ఈ గొలుసులో ఎక్కడ ముడి పడినా ఆగిపోయేది చివరి మనిషి జీతమే. నెలలు గడిచినా జీతాలు అందలేదని ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు ధర్నాలు చేసే వార్తలు జిల్లా పేజీల్లో ఏటా కనిపిస్తూనే ఉంటాయి. టెండరు గడువు ముగిస్తే ఏజెన్సీ మారుతుంది. మనుషులు వాళ్లే, కుర్చీ అదే, కాగితం మీద మాత్రం కొత్త ఉద్యోగం. పాత పీఎఫ్ ఖాతా ఏమైందో, బకాయి పడిన నెల జీతం ఎవరు ఇవ్వాలో తేలదు. ఇదంతా తెలిసి కూడా ఏ అటెండరూ పైకి మాట్లాడడు. మరుసటి నెల జాబితాలో తన పేరు ఉండాలి కదా.

కోర్టులు ఈ విషయంలో ఒక్క గొంతుతో మాట్లాడలేదు. నియామక నిబంధనలు పాటించకుండా తీసుకున్నవారికి క్రమబద్ధీకరణ హక్కు ఉండదని సుప్రీంకోర్టు 2006లో ఉమాదేవి కేసులో చెప్పింది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతన సూత్రం వర్తిస్తుందని తేల్చింది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో మరో అడుగు ముందుకు వేసింది. ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి ఊడ్చే పని, తోటపని చేసినవారి కేసు అది. శాశ్వతంగా అవసరమైన పనిని తాత్కాలికమని పిలుస్తూ చేయించుకోవడాన్ని, ఉమాదేవి తీర్పును అలాంటివారి మీద ఆయుధంగా వాడటాన్ని ఆ తీర్పు గట్టిగా తప్పుపట్టింది. మ్యూజియంలో తాళం తీయడం ఏ లెక్కన తాత్కాలికమైన పని? భవనం ఉన్నంతకాలం ఎవరో ఒకరు తీయాల్సిందే. కానీ మధ్యలో ఏజెన్సీ ఉన్నప్పుడు, వీరు మా ఉద్యోగులే కాదని శాఖ అనగలదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. వారిలో ఎక్కువ మంది అధ్యాపకులే. ఏజెన్సీ చీటీ మీద పనిచేసేవారు ఆ లెక్కలోకే రాలేదు.

ఈ ఏర్పాటు వల్ల ఇంకొక నష్టం ఉంది, దాని గురించి చర్చ తక్కువ. పర్మినెంట్ పోస్టు భర్తీ చేయాలంటే, ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే రిజర్వేషన్ రోస్టరు పాటించాలి. అంటే పై మెట్లలో ఎవరు చేరుతున్నారో కనీసం ఒక నియమం చూస్తూ ఉంటుంది. ఖాళీ అయిన పోస్టు భర్తీ కాకుండా ఏజెన్సీ చేతికి పోతే ఆ కట్టుబాటు పోతుంది. మ్యూజియంలో ఊడ్చే పని, మరుగుదొడ్లు కడిగే పని ఏ కులాల మహిళలు చేస్తున్నారో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వర్గం గీత మన దగ్గర చాలావరకు కులం గీత మీదుగానే సాగుతుంది. వేరుగా ఉంటుందని అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

కింది మెట్టు ఇంత ఇరుకుగా ఉంటే, పై మెట్టుకు చేరే దారి ఇంకా ఇరుకు. క్యూరేటరు కావాలంటే పురావస్తు శాస్త్రంలోనో మ్యూజియాలజీలోనో పీజీ కావాలి. మ్యూజియాలజీకి పాత పేరున్న చోట్లు బరోడా, కోల్‌కతా, బెనారస్. ఢిల్లీలో 1989లో మొదలైన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు నోయిడాకు మారి కొత్త పేరుతో నడుస్తోంది. ములుగులోనో ఉట్నూరులోనో డిగ్రీ చదివిన విద్యార్థికి ఇవన్నీ రెండు రాత్రుల రైలు దూరంలో ఉన్నట్టే. ఫీజు కట్టడం ఒక ఎత్తు, అక్కడ ఉండి తినడం ఇంకో ఎత్తు. చదువు అయ్యాక కొన్ని నెలలు జీతం లేకుండానో నామమాత్రపు భత్యంతోనో ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇంటికి నెలనెలా డబ్బు పంపాల్సిన కుర్రవాడు ఆ పని చేయలేడు. తండ్రి జీతం మీద ఇంకో రెండేళ్లు గడపగలిగినవాడే చేయగలడు. అలా వడపోత జరిగాక మిగిలిన కొద్దిమందిని చూసి, ఈ రంగం మీద ఆసక్తి ఉన్నవాళ్లే తక్కువని నిట్టూర్చడం న్యాయం కాదు.

భాష అడ్డంకి కూడా తక్కువదేమీ కాదు. కేంద్ర పురావస్తు శాఖ నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమా ప్రవేశాలకు 2020లో ఇచ్చిన ప్రకటనలో సంస్కృతం, పాళీ, ప్రాకృతం, అరబిక్, పర్షియన్ భాషల్లో పీజీ చేసినవారిని అర్హులుగా పేర్కొన్నారు. ప్రాచీన హోదా ఉన్న తమిళం అందులో లేదు, తెలుగు లేదు. తమిళనాడు నుంచి నిరసన పెద్దఎత్తున వచ్చాకే తమిళంతోపాటు తెలుగు, కన్నడం, మలయాళం, ఒడియా చేర్చి ప్రకటనను సవరించారు. తెలంగాణలో వందల సంఖ్యలో తెలుగు శాసనాలు ఉన్నాయి. వాటిని చదవగల తెలుగు ఎంఏ విద్యార్థి ఆ కోర్సుకు అర్హుడో కాదో తేలడానికి మరో రాష్ట్రం గొడవ చేయాల్సి వచ్చింది. మన దగ్గర నుంచి ఆ గొంతు అంత గట్టిగా లేవకపోవడం బాధాకరం. బడుగు ఇళ్ల పిల్లలు ఎక్కువగా ఎంచుకునేది తెలుగు, చరిత్ర వంటి కోర్సులనే కాబట్టి, ఇలాంటి నిబంధనలు ఎవరి మీద పడతాయో ఊహించడం కష్టం కాదు.

తవ్వకాల దగ్గరకు వస్తే అంతరం ఇంకా సూటిగా కనిపిస్తుంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల తొలి రాజు చిముకుడి నాణేలు దొరకడం తెలంగాణ చరిత్రకు పెద్ద మలుపు. ఆ నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ ఓపికగా సేకరించారు. శాసన పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి, ప్రచురించి విద్వల్లోకానికి పరిచయం చేశారు. ఇద్దరికీ మనం రుణపడి ఉన్నాం. అయినా పేర్లలో ఒక వరస గమనించాలి. ప్రచురించిన పండితుడి పేరు దేశమంతా తెలుసు, ఊళ్లు తిరిగి సేకరించిన స్థానికుడి పేరు జిల్లాలో తెలుసు. మట్టిలోంచి నాణేన్ని మొదట ఏరి చూసిన ఊరివాళ్ల పేర్లు, తర్వాత జరిగిన తవ్వకాల్లో గుంటలు తవ్విన కూలీల పేర్లు ఎవరికీ తెలియవు. అనుభవం ఉన్న తవ్వకపు కూలీకి పలుగు మోగే తీరును బట్టి, మట్టి రంగును బట్టి పొర ఎక్కడ మారిందో తెలిసిపోతుంది. కొలతల పుస్తకంలోకి ఆ సంగతి పర్యవేక్షకుడి పరిశీలనగా ఎక్కుతుంది, కూలీ మాత్రం మస్టరు రోల్‌లో ఒక వేలిముద్రగా మిగిలిపోతాడు.

హనుమకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం సంగతీ చెప్పుకోవాలి. కుంగిపోతున్న ఆ మండపాన్ని 2000 దశకం మధ్యలో విప్పదీశారు. రాళ్లకు నంబర్లు వేసి, పునాది బలపరిచి, మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. దాదాపు 18 ఏళ్ల పని. ఆ ఏళ్లలో ఎందరో స్థపతులు, మేస్త్రీలు, కూలీలు అక్కడ చేతులు కాయలు కట్టించుకున్నారు. ఏ స్తంభం ఏ మూలకు చెందినదో చెప్పే నంబరు ప్రతి రాయికీ ఉంది. దాన్ని ఎత్తి నిలబెట్టినవారి పేర్లు మండపం ముందు ఒక చిన్న పలక మీద రాసినా ఖర్చు ఎంత అవుతుంది? ప్రారంభించిన ప్రముఖుల పేర్లకు శిలాఫలకం వేసే ఆనవాయితీ మనకు ఎప్పటినుంచో ఉంది.

ఈ విషయంలో పాలంపేట దారి చూపిస్తుంది. 1213 నాటి శాసనం గుడి కట్టించిన రేచర్ల రుద్రుణ్ని, అతని ప్రభువు గణపతిదేవుణ్ని కీర్తిస్తుంది. దేవుడు రుద్రేశ్వరుడు. జనం మాత్రం ఆ గుడిని శిల్పి పేరుగా చెప్పుకునే రామప్ప పేరుతోనే పిలుస్తూ వచ్చారు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అధికారిక నామంలోనూ ఆ పేరు ఉంచక తప్పలేదు. పని చేసినవాడి పేరు నిలబెట్టాలన్న ఆలోచన జనానికి కొత్త కాదు, సంస్థలకే కొత్త.

ప్రదర్శనలో కనిపించే మనుషులకూ ప్రదర్శన నడిపే మనుషులకూ మధ్య దూరం గిరిజన, జానపద విభాగాల్లో ఎక్కువ. చేర్యాల నకాషీ పటాన్ని గోడకు వేలాడదీసి, కింద రంగుల గురించి, గుడ్డ గురించి నాలుగు మాటలు రాస్తారు. ఆ పటం గోడకు పెట్టడానికి గీసింది కాదు, కథ చెబుతూ జనానికి చూపించడానికి గీసింది. ఒక్కో కులానికి దాని పుట్టుక కథ చెప్పే ఆశ్రిత కులం ఉంది: పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు. పటంలో ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వస్తుందో, ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగి జనాన్ని ఏడిపించాలో వాళ్లకు తెలుసు. మ్యూజియం వాళ్లను ఏడాదికోసారి ఉత్సవానికి పిలిచి, శాలువా కప్పి, గౌరవ భత్యం ఇచ్చి పంపుతుంది. ఆ భత్యం కూడా బిల్లు పాసైన తర్వాతే. ఆ పటం గురించి విషయ నిపుణుడిగా నెల జీతం మీద ఒక కథకుణ్ని నియమించిన మ్యూజియం ఎక్కడైనా ఉందా అని వెతికితే చాలాసేపు వెతకాలి. ఆదిలాబాద్‌లో ఓజులనే పోతపనివారి డోక్రా లోహపు బొమ్మల పనితనానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మను పోతపోసే చేతికి మ్యూజియంలో కుర్చీ ఇంకా రాలేదు. అంతర్జాతీయ మ్యూజియం మండలి 2022లో ప్రాగ్‌లో ఆమోదించిన కొత్త నిర్వచనం, మ్యూజియంలు సమాజాల భాగస్వామ్యంతో నడవాలని స్పష్టంగా అంటుంది. శాలువాతో ముగిసేది భాగస్వామ్యం కాదు.

మార్పు లెక్కలతో మొదలు కావాలి. అమెరికాలో కళాసంస్థలకు నిధులిచ్చే మెలన్ ఫౌండేషన్ 2015లో ప్రచురించిన సర్వే ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి కళా మ్యూజియంల మొత్తం సిబ్బందిలో హిస్పానిక్ మూలాలు లేని తెల్లజాతివారు 72 శాతం ఉన్నారు. క్యూరేటర్లు, సంరక్షకులు, విద్యాధికారులు, నాయకత్వ స్థానాల్లో ఉన్నవారిని విడిగా లెక్కిస్తే 84 శాతం. మొత్తం సంఖ్య దాచిపెట్టిన నిజాన్ని మెట్లవారీ లెక్క బయటపెట్టింది. 2024లో ఇంటింటికీ తిరిగి కులాల లెక్క తీసిన రాష్ట్రానికి, తన మ్యూజియంలలో ఏ మెట్టు మీద ఎవరున్నారో, ఎవరు పర్మినెంటో, ఎవరు ఏజెన్సీ మనిషో, ఎన్నేళ్లుగా ఉన్నారో లెక్క తీయడం పెద్ద పని కాదు.

తర్వాత చేయాల్సింది టెండరు కాగితంలో ఉంది. ఏజెన్సీ మారినా ఉన్న సిబ్బందిని అదే సర్వీసుతో కొనసాగించాలని, అనుభవానికి జీతంలో విలువ కట్టాలని, నెలలో ఫలానా తేదీలోగా జీతం పడకపోతే శాఖే నేరుగా చెల్లించి ఏజెన్సీ బిల్లులో మినహాయించుకోవాలని షరతులు రాయవచ్చు. అన్నిటికంటే తక్కువ కోట్ చేసినవారికే పని అప్పగించే పద్ధతిలో, ఆ తక్కువ ఎవరి కడుపు కోసి వచ్చిందో అడిగే బాధ్యత టెండరు పిలిచిన అధికారిదే. ఏజెన్సీలను పూర్తిగా తీసేసి పోస్టులు భర్తీ చేయడమే అసలు పరిష్కారం, అందులో సందేహం లేదు. అది జరిగేదాకా ఈ షరతులైనా ఉండాలి.

మెట్టు ఎక్కే దారి వేయడం ఇంకా ముఖ్యం. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర విభాగం ఉంది. ఆ పక్కనే వేయి స్తంభాల గుడి, కొద్ది దూరంలో ఖిలా వరంగల్, గంటన్నర ప్రయాణంలో రామప్ప ఉన్నాయి. ఇంతకంటే మంచి తరగతి గది దొరకదు. వస్తు సంరక్షణ, రిజిస్టర్ల నిర్వహణ, సందర్శకులకు వివరించడం, శాసన లిపి పరిచయం వంటి పాఠాలతో తెలుగులో ఒక ఏడాది సర్టిఫికెట్ కోర్సు పెట్టవచ్చు. అందులో సగం సీట్లు ఇప్పటికే మ్యూజియంలలో, కోటల్లో, తవ్వకాల్లో పనిచేస్తున్నవారికి, పని రోజులు నష్టపోకుండా జీతంతో సహా కేటాయించాలి. మిగతా సగంలో కొంత భాగాన్ని పటం కథకుల, నకాషీ, ఓజు కుటుంబాల పిల్లలకు స్టైపెండుతో ఇవ్వాలి. పాసైన అటెండరుకు సాంకేతిక సహాయకుడి పోస్టుకు పోటీపడే అర్హత సర్వీసు నిబంధనల్లోనే రాయాలి, లేకపోతే ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకోవడానికి తప్ప పనికిరాదు. కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో ముందు ప్రయోగంగా మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. శాఖాధిపతి ఉత్తర్వు, విశ్వవిద్యాలయంతో ఒక ఒప్పందం, వచ్చే బడ్జెట్‌లో ఒక చిన్న పద్దు ఉంటే సరిపోతుంది.